చీటీ మీది ‘జోల్.’: 1896 నాటి రష్యా పట్టాభిషేక స్వర్ణ పతకం ఒకటి పరీక్షించిన వివరం

లండన్‌లో పాత నాణేలు, పతకాలు పరిశీలించి నివేదికలు రాయడం నా వృత్తి. నా బల్ల మీదికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం బ్రిటిష్ ఇండియా రూపాయలు, సైనిక పతకాలే. రష్యా చక్రవర్తుల పట్టాభిషేక పతకాలు ఏడాదికి పదో పన్నెండో వస్తాయి, వాటిలో బంగారువి ఒకటో రెండో ఉంటే ఎక్కువ. అలా వచ్చిన ఒకదాని పరీక్షను మొదటి నుంచి చివరి దాకా, నేను చేసిన పొరపాటుతో సహా, యజమాని అనుమతితో ఇక్కడ నమోదు చేస్తున్నాను. ఆయన పేరూ, అమ్మినవారి పేరూ ఈ వివరానికి అవసరం లేదు.

యజమాని 1980లలో లెనిన్‌గ్రాద్‌లో వైద్యం చదివి, తర్వాత ఇంగ్లండులో స్థిరపడిన తెలుగు డాక్టరు. రష్యన్ చక్కగా చదవగలరు. పట్టాభిషేకాల సరుకు మీద ఆయనకు పదిహేనేళ్లుగా ఆసక్తి ఉంది. వెండి పతకాలు, జెటన్లు అని పిలిచే చిన్న బిళ్లలు ఒక్కొక్కటిగా సమకూర్చుకున్నారు. బంగారు పతకం మాత్రం ఇదే మొదటిది. బాల్టిక్ తీరపు దేశం ఒకదానిలో ఒక వ్యాపారి దగ్గర, లోహపు ధరకు దాదాపు మూడింతలు పెట్టి కొన్నారు.

పెట్టెలో రెండే వస్తువులున్నాయి, ఒక పతకం, ఒక చీటీ. పతకం బొమ్మ వైపు రెండో నికొలస్, ఆయన భార్య అలెగ్జాండ్రా ఫ్యొదొరొవ్నాల జంట ముఖాలున్నాయి. బొరుసు వైపు, మన గండభేరుండాన్ని గుర్తుకు తెచ్చే రెండు తలల గద్ద ఉంది. దాని చుట్టూ ‘దేవుడు మాతో ఉన్నాడు’, ‘మాస్కోలో పట్టాభిషిక్తులైరి, 1896’ అన్న అర్థమిచ్చే రష్యన్ మాటలున్నాయి. చెక్కిన కళాకారుడు అంతోన్ వస్యుతిన్‌స్కీ సంతకం చిన్న అక్షరాల్లో ఉంది. చీటీ అగ్గిపెట్టెలో పట్టేంత ముతక కాగితం ముక్క. దాని మీద వెలిసిన సిరాతో చేతిరాతలో ‘1896. కొరొనాత్సియా. 14½ జోల్.’ అని రష్యన్‌లో రాసి ఉంది. కొరొనాత్సియా అంటే పట్టాభిషేకం.

“బంగారమా కాదా అని అడగడం లేదండీ, అది నగల దుకాణంలోనే తేలిపోయింది. క్యారెట్ మీటర్ 91.7 చూపించింది. చీటీ మీద కూడా ‘జోల్.’ అని, అంటే జోలొతో, బంగారం అని స్పష్టంగా రాసి ఉంది కదా. బీమా కోసం, ఇది 1896 నాటిదేనని మీ సంతకంతో ఒక కాగితం కావాలి, అంతే,” అన్నారు ఆయన.

“చూసి చెబుతానండీ డాక్టరు గారూ,” అన్నాను. చీటీ మీది మాటను అప్పుడు నేనూ ఆయన చదివినట్టే చదివాను.

ఈ పతకాల నేపథ్యం

పరీక్ష ఎందుకు అంత దూరం వెళ్లాల్సి వచ్చిందో తెలియాలంటే ఈ పతకాలు ఎలా పుట్టాయో, ఎలా మాయమయ్యాయో కొంత చెప్పాలి. రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు మారినా పట్టాభిషేకం మాత్రం చివరి దాకా మాస్కో క్రెమ్లిన్‌లోని ఉస్పెన్‌స్కీ గుడిలోనే జరిగింది. 1724లో మొదటి పీటర్ తన భార్య కేథరిన్‌కు కిరీటం పెట్టినప్పటి నుంచి ఆ సందర్భానికి పతకాలు, జెటన్లు వేయడం ఆనవాయితీగా సాగింది. పతకాలు హోదాను బట్టి బంగారంలో, వెండిలో, కంచులో అందేవి. జెటన్లను జనంలోకి విసిరేవారు. ప్రతి పాలకుడూ తన మాటను ఆ బిళ్ల మీద చెప్పుకున్నాడు. 1762 నాటి రెండో కేథరిన్ పతకం మీద ‘మతాన్నీ మాతృభూమినీ రక్షించినందుకు’ అని ఉంటుంది. భర్తను గద్దె దింపి వచ్చిన రాణికి ఆ మాట ఎంత అవసరమో ఊహించుకోవచ్చు. 1801లో మొదటి అలెగ్జాండర్ ‘చట్టం’ అని చెక్కిన స్తంభం మీద కిరీటాన్ని నిలబెట్టి, ‘అందరి, ఒక్కొక్కరి సుఖానికి హామీ’ అని రాయించాడు. 1826లో ఆయన తమ్ముడు మొదటి నికొలస్ అదే స్తంభాన్ని, అదే మాటను మళ్లీ వాడుకున్నాడు. 1856, 1883, 1896 పతకాల మీద మాత్రం ఇలాంటి వాగ్దానాలు లేవు, సామ్రాజ్య చిహ్నమూ దేవుడి పేరూ మిగిలాయి.

రెండో నికొలస్ పట్టాభిషేకం పాత రష్యన్ పంచాంగం ప్రకారం 1896 మే 14న, మన లెక్కలో మే 26న జరిగింది. నాలుగు రోజుల తర్వాత ఖొదిన్కా మైదానంలో కానుకల పంపిణీ దగ్గర జరిగిన తొక్కిసలాటలో అధికారిక లెక్క ప్రకారమే 1,389 మంది చనిపోయారు. అక్కడ పంచిన ఎనామిల్ కప్పులు నేటికీ విరివిగా దొరుకుతాయి. ఆ ఏడాదిదే ఇంకొక వెండి పతకం ఉంది. అది సెయింట్ ఆండ్రూ నీలి పట్టీకి వేలాడదీసి ఛాతీ మీద ధరించేది. కొత్తగా సేకరణ మొదలుపెట్టినవారు దాన్నీ, బల్ల మీద ప్రదర్శించే పెద్ద పతకాన్నీ ఒకటిగా పొరబడుతుంటారు. మా డాక్టరు గారు తెచ్చింది రెండో రకం. ఈ పతకం చెక్కిన వస్యుతిన్‌స్కీ విప్లవం తర్వాత కూడా అదే టంకశాలలో పనిచేశాడు. 1923 నాటి సోవియట్ చెర్వొనెట్స్ బంగారు నాణెం మీద విత్తనాలు చల్లే రైతు బొమ్మ వెనుక ఉన్న చెయ్యి ఇదే.

సెయింట్ పీటర్స్‌బర్గ్ టంకశాల కంచు పతకాలను ఆసక్తి ఉన్నవారికి అమ్మేది కనుక అవి నేటికీ సులభంగా దొరుకుతాయి. బంగారువి మొదటే కొద్ది. ఆ కొద్దిలో కూడా చాలావరకు ఇరవయ్యో శతాబ్దపు మొదటి సగంలో కుంపటికెక్కాయి. 1931 నుంచి 1936 దాకా నడిచిన తోర్గ్‌సిన్ దుకాణాల్లో సోవియట్ పౌరులు ఇంట్లోని బంగారం ఇచ్చి పిండీ పంచదారా తెచ్చుకున్నారు. 1932, 33 కరువు రోజుల్లో తాత గారి పతకాన్ని ఆ తక్కెడలో వేయని కుటుంబం అదృష్టవంతుల కుటుంబమే అయి ఉండాలి. ఆ తక్కెడకు చక్రవర్తి ముఖంతో పని లేదు, గ్రాములతోనే పని. ఈ మొత్తం చరిత్ర నాలాంటివాడికి మిగిల్చే పరిస్థితి ఒక్కటే. అచ్చంగా అదే బొమ్మ ఉన్న కంచు పతకం చవకగా దొరుకుతుంది, బంగారు పతకం ఎంత ధరైనా పలుకుతుంది. మోసం చేయదలచుకున్నవాడికి నమూనా వెతుక్కునే శ్రమ లేదు.

తూకం, వన్నె

మా నాన్నగారికి ప్రొద్దుటూరులో బంగారు పని. గీటురాయి మీద గీత గీసి, పక్కన మేలిమి గీత గీసి, ద్రావకం చుక్క వేసి వన్నె చెప్పేవారు. ఆయన నేర్పినదాంట్లో నాకు ఇప్పటికీ పనికొచ్చేది, రాయి గీత గీసిన చోటు గురించే చెబుతుంది తప్ప వస్తువు గురించి చెప్పదు అన్నది. నగల దుకాణంలోని క్యారెట్ మీటరు ఎక్స్‌రేతో పనిచేస్తుంది, దానికి కూడా అదే వర్తిస్తుంది. దట్టమైన పూత ఉంటే అది పూతను చదివి ఊరుకుంటుంది. కనుక ముందు గాలిలో, తర్వాత దారంతో నీటిలో వేలాడదీసి తూచాను. బుడగలు అంటుకోకుండా నీటిలో సబ్బు చుక్క కలిపి, మూడుసార్లు తీసిన తూకాల సగటు ఇది: గాలిలో 115.50 గ్రాములు, నీటిలో 108.87 గ్రాములు. తేడా 6.63 గ్రాములు. గాలిలోని తూకాన్ని ఆ తేడాతో భాగిస్తే, నీటితో పోల్చిన సాంద్రత సుమారు 17.4.

కంచు సాంద్రత 9 దాటదు కనుక ఇది పూత సరుకు కాదు. నిండా బంగారమే, 22 క్యారెట్లకు దగ్గరిదే. డాక్టరు గారి మాట ఇక్కడిదాకా నిజమే. మా ఎక్స్‌రే యంత్రం మీద నాలుగు చోట్ల చదివితే సగటున బంగారం 91.7, రాగి 5.6, వెండి 2.1, జింకు 0.6 శాతం వచ్చాయి. ఈ మిశ్రమానికి లెక్క ప్రకారం సాంద్రత 17.7 దాకా ఉండాలి. మనకు వచ్చింది 17.4. చూడటానికి చిన్న తేడా, మూడు తూకాల్లోనూ అది అలాగే నిలిచింది. లోపల ఎక్కడో కంటికి కనిపించని ఖాళీలు ఒకటిన్నర శాతం మేర ఉన్నాయన్నది దాని అర్థం. టంకశాలలో ఇంత ఎత్తైన బొమ్మ ఒక్క దెబ్బతో పడదు. బిళ్లను కాల్చి మెత్తబరుస్తూ, మళ్లీ మళ్లీ అచ్చుల మధ్య నొక్కుతారు. అలా నలిగిన లోహంలో ఖాళీలు మిగలవు. ఖాళీలు మిగిలేది పోతలో.

వన్నె గురించి డాక్టరు గారు ఒక మంచి వాదన తెచ్చారు. మన 916 హాల్‌మార్కుకు రష్యాలో సమానమైన మాట ఉంది. అక్కడ వన్నెను 96 భాగాల్లో లెక్కపెట్టేవారు. 96కు 88 భాగాలంటే సరిగ్గా మన 24కు 22. 1880ల మధ్య దాకా రష్యా బంగారు నాణేలు ఆ 88 వన్నెలోనే వచ్చేవి. కనుక 916 రావడం పాతదనానికి రుజువు కాదా అని అడిగారు. 1886 నుంచి నాణేల వన్నె వెయ్యికి 900కు మారిందని, 1896 పతకానికి పాత నాణెపు వన్నె ఉండటం రుజువూ కాదు, దోషమూ కాదని చెప్పాను. పతకం వన్నె నాణెం వన్నెను అనుసరించాలన్న నియమం లేదు. జింకు విషయంలోనూ ఇంతే జాగ్రత్త పాటించాను. నేటి పోత పనివాళ్లు బంగారం శుభ్రంగా పారడానికి మిశ్రమంలో కొంచెం జింకు కలుపుతారు. అయితే పాత రోజుల్లో రాగికి బదులు ఇత్తడి ముక్క పడి ఉన్నా జింకు కనిపిస్తుంది. అనుమానం పెంచే గుర్తు అది, తీర్పు చెప్పేది కాదు.

కొలత

మా దగ్గర పోలిక కోసం ఉంచుకున్న కంచు పతకం అదే 1896ది. వ్యాసం 51.0 మిల్లీమీటర్లు, బరువు 62.3 గ్రాములు. డాక్టరు గారి పతకం వ్యాసం 50.1. వ్యాసంలో తేడా ఉన్నంత మాత్రాన ఏదీ తేలదు, ఎందుకంటే అంచును తర్వాత ఎవరైనా అరగదీసి ఉండవచ్చు. అరగదీయలేనిది బొమ్మ లోపలి దూరం. ఒకే అచ్చు నుంచి వచ్చిన రెండు పతకాల మీద ఏ రెండు గుర్తుల మధ్య దూరమైనా ఒకటే ఉండాలి, లోహం ఏదైనా సరే.

గద్ద మీది కిరీటపు శిలువ కొన నుంచి సంవత్సరంలోని మొదటి అంకె పాదం దాకా కంచు మీద 38.40, బంగారం మీద 37.72 మిల్లీమీటర్లు వచ్చింది. చుట్టు రాతలో ఎదురెదురుగా ఉన్న రెండు అక్షరాల మధ్య 44.10కి 43.31. బొమ్మ వైపు చక్రవర్తి కంటి కొస నుంచి సంతకంలో చివరి అక్షరం దాకా 27.65కి 27.16. మూడు చోట్లా తగ్గుదల 1.8 శాతం. రెండు వైపులా, అడ్డంగా నిలువుగా, ఒకే నిష్పత్తిలో చిన్నదైపోయింది. నగల పనిలో ఉన్నవారికి ఇది వింత కాదు. అసలు వస్తువు చుట్టూ రబ్బరు మూస తీసి, అందులో మైనం పోసి, ఆ మైనం చుట్టూ జిప్సం ముద్ద కట్టి, మైనాన్ని కరిగించి బంగారం పోస్తే, చల్లారేటప్పుడు మైనం కొంత, బంగారం కొంత ముడుచుకుంటుంది. గాజులు పోసేవాడు ఆ తరుగుకు తగ్గట్టు నమూనాను కాస్త పెద్దదిగా చేసుకుంటాడు. దొరికిన పతకం నుంచే మూస తీసేవాడికి ఆ వీలు లేదు.

నేను మొదట అనుమానించింది పోతను కాదు, విద్యుత్ పూతతో తీసే నకలును. ఆ పద్ధతిని 1838లో మోరిట్జ్ యాకోబీ కనుగొన్నది సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోనే. మూస మీద లోహాన్ని అణువణువుగా పేర్చే ఆ పనిలో పరిమాణం తగ్గదు, గీతలు కూడా అచ్చంగా దిగుతాయి. రష్యా పతకాల నకళ్లలో అవి తరచూ తగులుతాయి. అయితే అవి సాధారణంగా రెండు పల్చటి పెంకులను కలిపి చేసినవి, అంచు చుట్టూ అతుకు ఉంటుంది. ఇక్కడ అతుకూ లేదు, పరిమాణమూ తగ్గింది కనుక ఆ అనుమానం వదిలేశాను. ఇంకొకటి, రష్యన్లు నొవొదెల్ అనే మళ్లీ ముద్ర. పాత అసలు అచ్చులతో, సేకరించేవారి కోరిక మీద టంకశాలే తర్వాతి కాలంలో వేసిచ్చిన నాణేలవి. 1890లో ఆ పని ఆగిపోవడానికి గ్రాండ్ డ్యూక్ గియోర్గీ మిఖాయిలొవిచ్ పట్టుదల కారణం. రష్యా నాణేల మీద అంతటి పరిశోధన చేసిన ఆ మనిషిని 1919 జనవరిలో పీటర్ అండ్ పాల్ కోటలో, అంటే టంకశాల ఉన్న ఆ కోటలోనే, కాల్చి చంపారు. ఆయన సేకరణలో చాలా భాగం నేడు వాషింగ్టన్ స్మిత్‌సోనియన్‌లో ఉంది. మళ్లీ ముద్ర అయినా అదే అచ్చుల మధ్య నలిగిందే కనుక లోపలి దూరాలు తగ్గవు. ఆ దారీ మూసుకుపోయింది.

మిగిలినది సూక్ష్మదర్శిని కింద కనిపించింది. అసలు పతకం మీద అక్షరం నేల నుంచి గోడలా నిటారుగా లేస్తుంది. దీని మీద పొలం గట్టులా వాలుగా ఎక్కింది. ఖాళీ జాగాలో అచ్చును మెరుగుపెట్టినప్పటి సన్నని ఉబ్బు గీతలు కనిపించాల్సిన చోట, గుండ్రటి చిన్న గుంటలు, ఆవగింజలో పదో వంతు కూడా లేని బంగారు పూసలు ఉన్నాయి. జిప్సం ముద్దలో ఇరుక్కున్న గాలి బుడగ బంగారంతో నిండితే అలాంటి పూస మిగులుతుంది. సంతకంలో రెండు అక్షరాలు కలిసిపోయాయి. అంచు మీద ఒక చోట ఆకురాయి గీతలు మిగతా చుట్టుకొలతకు భిన్నమైన దిశలో ఉన్నాయి. బంగారం పోసిన కాడను కోసి నున్న చేసిన చోటు అదే అని నా ఉద్దేశం. రాతలో తప్పులేమీ లేవు. 1918 సంస్కరణలో రష్యన్ లిపి నుంచి తొలగించిన యాత్ అనే అక్షరం, మాట చివర పలకని గట్టి గుర్తు, రెండూ ఉండాల్సిన చోట ఉన్నాయి. చేత్తో చెక్కే నకలుగాళ్లు అక్కడే దొరికిపోతుంటారు, పోత పోసేవాడికి అక్షరజ్ఞానం అక్కర్లేదు.

అలెగ్జాండ్రా చెంప మీద ఒక చిన్న సొట్ట ఉంది. నిజంగా బంగారం మీద తగిలిన దెబ్బ అయితే లోహం పక్కకు నెట్టుకుపోయి ఒడ్డున పదునైన గట్టు లేవాలి. ఈ సొట్ట ఒడ్డు కొవ్వొత్తి కరిగినట్టు గుండ్రంగా ఉంది. లోపలి అడుగున కూడా అవే చిన్న గుంటలున్నాయి. దెబ్బ తగిలింది ఈ పతకానికి కాదు, దీని తల్లికి. ఆ తల్లి కోసం పాత వేలం జాబితాల ఛాయాచిత్రాలు రెండు వారాలు తిరగేస్తే, కొన్ని దశాబ్దాల కిందటి నలుపు తెలుపు బొమ్మ ఒకటి దొరికింది. అదే చెంప మీద, అదే చోట, అదే ఆకారంలో సొట్ట ఉంది. కింద వివరణలో లోహం కంచు అని ఉంది. బరువు ఇవ్వలేదు. చీటీ ప్రస్తావనా లేదు.

చీటీ

ఇక్కడ నా పొరపాటు చెప్పుకోవాలి. పతకం నకలని తేలాక చీటీ కూడా నకలే అయి ఉండాలని అనుకున్నాను. ‘బంగారం’ అని రాసిన పాత చీటీని ఎవరో ఈ పతకం కోసమే తయారుచేశారన్న ఊహతో రెండు రోజులు దాన్ని దోషిగా నిలబెట్టే ప్రయత్నం చేశాను. అతినీలలోహిత దీపం కింద కాగితం మెరవలేదు. ఇరవయ్యో శతాబ్దపు మధ్య నుంచి కాగితానికి కలిపే తెల్లదనపు రసాయనాలు ఇందులో లేవన్నమాట. సిరా కాగితపు పోగుల్లోకి ఇంకి, అంచుల్లో గోధుమ రంగుకు తిరిగింది. ‘కొరొనాత్సియా’ అన్న మాటలో, అచ్చక్షరం ముందు వచ్చే చుక్క ‘ఇ’ని పాత పద్ధతిలోనే రాశారు. తప్పు పట్టడానికి ఏమీ దొరక్క, ఆ మూడు ముక్కల రాతను నెమ్మదిగా పైకి చదివాను. 1896. కొరొనాత్సియా. 14½ జోల్.

పద్నాలుగున్నర బంగారం అన్న మాటకు అర్థం లేదు. అంకె తర్వాత వచ్చే ‘జోల్.’ జోలొతో కాదు, జోలొత్నిక్. పాత రష్యా తూకాల్లో ఒక పౌనుకు 96 జోలొత్నిక్‌లు, ఒక్కో జోలొత్నిక్ 4.266 గ్రాములు. మాట పుట్టింది బంగారం నుంచే అయినా, బంగారమే కాదు, వెండి, టీ ఆకు కూడా దాంతోనే తూచేవారు. మన పాత పద్దు పుస్తకాల్లో ‘తు.’ అని కనిపిస్తే తులం అని ఇట్టే చదువుతాం, ఎందుకంటే ఆ తూకం మన నాలుక మీద ఇంకా బతికే ఉంది. సోవియట్ ప్రభుత్వం 1920లలో మెట్రిక్ కొలతలకు మారిపోయింది. 1980లలో లెనిన్‌గ్రాద్‌లో చదువుకున్న డాక్టరు గారికి జోలొతో తెలుసు, జోలొత్నిక్ సామెతల్లో తప్ప తగిలే అవకాశం లేదు. రష్యన్ రానివారైతే ఆ చీటీని నమ్మి ఉండేవారు కారేమో. భాష వచ్చు గనకనే, అదీ తర్వాతి తరం భాష వచ్చు గనకనే, నమ్మారు.

ఇక లెక్క. 14½ జోలొత్నిక్‌లు అంటే 61.86 గ్రాములు. మా కంచు పతకం 62.3. ఇదే పరిమాణంలో వెండి పతకం అయితే 73 గ్రాముల దాకా, అంటే 17 జోలొత్నిక్‌లు తూగాలి. 900 వన్నె బంగారమైనా 120 గ్రాములు, అంటే 28 జోలొత్నిక్‌లకు తగ్గదు. చీటీ రాసినవాడు అర జోలొత్నిక్ దాకా జాగ్రత్తగా తూచి రాశాడు కనుక, అతని చేతిలో ఉన్నది కంచు పతకం తప్ప వేరొకటి అయ్యే వీలు లేదు. ఆ కంచు పతకం చెంప మీద సొట్ట ఉన్నదేనా అన్నది చీటీ చెప్పదు. అది నా అనుమానం మాత్రమే, నివేదికలో కూడా అనుమానమనే రాశాను. ఎవరో ఒక కంచు పతకాన్ని పాత చీటీతో సహా కొని, దాని నుంచి మూస తీసి, 22 క్యారెట్ల బంగారంలో పోసి, చీటీని కొత్త పతకానికి జత చేశారన్నదే ఈ సాక్ష్యాలన్నిటికీ సరిపోయే వివరణ. చీటీ మీది ‘జోల్.’ను వాళ్లు కూడా బంగారమనే చదివి, అది అదృష్టంగా కలిసొచ్చిందని సంతోషించి ఉంటారా, లేక కొనేవాడు అలా చదువుతాడని తెలిసే చేశారా అన్నది వాళ్లకే తెలియాలి.

తర్వాత

నివేదిక నాలుగు పేజీలు వచ్చింది. ‘సెయింట్ పీటర్స్‌బర్గ్ టంకశాల ముద్ర కాదు; కంచు పతకం నుంచి తీసిన మూసలో 916 వన్నె బంగారంతో పోసిన నకలు’ అన్నది తేలిన మాట. ఇలాంటి నివేదికల్లో ‘దొంగ పతకం’ అని నేను రాయను. వస్తువు ఎలా తయారైందో చెప్పగలను, తయారుచేసినవాడి మనసు గురించి చెప్పలేను. డాక్టరు గారు రెండుసార్లు చదివి, “బంగారమైతే నిజమే కదండీ,” అన్నారు. నిజమేనన్నాను. ఆ మాటే వ్యాపారి కూడా మొదటి ఉత్తరంలో రాశాడు, తాను బంగారం అని అమ్మాను, అది బంగారమే అని.

నాకు ఎప్పుడూ ఇబ్బందిగా ఉండే ఘట్టం ఇదే. వస్తువు వెనక్కిచ్చి పూర్తి డబ్బు తీసుకుంటే కొన్నవాడు గట్టెక్కుతాడు, వస్తువు మాత్రం మళ్లీ సంతలోకి వెళ్లి ఇంకొకరి దగ్గర తేలుతుంది. ఉంచుకుంటే మూడింతల ధరలో రెండు వంతులు నష్టం. నేను డాక్టరు గారికి రెండు దారులూ చెప్పి ఊరుకున్నాను, నా ఇష్టం ఆయన జేబు మీద రుద్దే హక్కు నాకు లేదు. ఆయనే మధ్యే మార్గం వెతికారు. పతకం, చీటీ తన దగ్గరే ఉంటాయని, లోహపు విలువకు మించి చెల్లించిన సొమ్ము మాత్రం తిరిగి ఇవ్వాలని రాశారు. కొలతల పట్టికా, పాత వేలం జాబితాలోని ఛాయాచిత్రపు నకలూ జతచేసి పంపాక, మూడు నెలలకు ఆ సొమ్ములో ఎక్కువ భాగం వచ్చింది.

కరిగించమని సలహా ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు, ఎందుకంటే ఆ తల్లి పతకం నుంచి ఒక్క నకలే పోశారని నమ్మడానికి లేదు. రేపు ఇంకొకటి వస్తే సొట్టకు సొట్ట పోల్చి చూడటానికి ఇది ఉండాలి. డాక్టరు గారి ఒప్పుదలతో అంచు మీద, ఆకురాయి గీతలున్న చోటే, ‘పోత నకలు’ అన్న అర్థమిచ్చే చిన్న ముద్ర వేయించి, మా పోలిక సొరుగులో కంచు పతకం పక్కన అప్పుగా ఉంచుకున్నాను. పాత చీటీ ఇప్పుడు వేరే కవరులో ఉంది, దాని కంచు పతకం ఎప్పుడైనా కనబడితే ఇవ్వడానికి. బంగారు పతకానికి నేను కొత్త చీటీ రాశాను: ‘1896. పట్టాభిషేకం. బంగారం, 916 వన్నె. పోత నకలు. 115.50 గ్రాములు.’ ఒక్క మాటను కూడా కుదించలేదు.